త్రోవలోని బడి

జగదల్‌పూర్ నుండి దక్షిణముగా దర్భా కనుమను దాటి సుక్మాకు పోవు మార్గముపైన తోంగ్‌పాల్ అను ఊరున్నది. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రములో 2012వ సంవత్సరమున ఏర్పడిన సుక్మా జిల్లాకు ఇది చెందినది. ఊరి మీదుగా పోవునది 30వ నంబరు జాతీయ రహదారి. ఉత్తరాఖండ్‌లోని సితార్‌గంజ్ వద్ద ఆరంభమైన ఆ రహదారి కోంటా వద్ద బస్తరు నేలను విడిచి, భద్రాచలము, కొత్తగూడెముల మీదుగా విజయవాడ చెంతనున్న ఇబ్రహీంపట్నము వరకు వచ్చును. కాబట్టి తోంగ్‌పాల్ తెలుగువారికి దూరదేశము కాదు. ఒకే త్రోవ చివరనున్న పొరుగూరు.

ఈ త్రోవమీద బిడ్డలతోకూడ ప్రయాణము చేయు కుటుంబములు రెండు విధములు. మొదటి విధమువారు పట్టణవాసులు. తండ్రి ఉద్యోగమునకు ఒక ఏడాది సెలవు పెట్టెను, లేదా ఎక్కడనుండియైనను చేయదగిన పని సంపాదించుకొనెను. బిడ్డలను బడి మాన్పించి, పాఠ్యపుస్తకములను కారులో సర్దుకొని, ఏడాదిపాటు దేశమంతయు చూచుచు తామే చదువు చెప్పవలెనని తలిదండ్రులు నిశ్చయించుకొనిరి. కాంగేర్ లోయను, కుటుమ్‌సర్ గుహను, తీరథ్‌గఢ్ జలపాతమును చూచుటకు వారు ఈ ప్రాంతమునకు వత్తురు. రెండవ విధమువారు సుక్మా, దంతెవాడ, బీజాపూర్ జిల్లాల పల్లెలవారు. సంక్రాంతి దాటిన తరువాత మిరపకాయ కోతలకు మూటలు కట్టుకొని, గోదావరి తీరమునగల తెలుగు గ్రామములకు వారు తరలిపోవుదురు. వారి వెంటను బిడ్డలుందురు.

ఉభయుల బిడ్డలును బడికి దూరమైరి. రెండు బడులలోను ఒక్కొక్క చోటు ఖాళీగానే యున్నది. అయినను మొదటి బిడ్డ గడుపు కాలమును లోకము అనుభవమని మెచ్చుకొనును. రెండవ బిడ్డను చదువు మానిన పిల్లయని జాబితాలో వ్రాసికొనును. ఒకే క్రియకు రెండు పేర్లు పెట్టబడినప్పుడు ఆ భేదము ఎక్కడనుండి కలిగెనని విచారించుట ధర్మము. బిడ్డ చదువు కాలమును బడినుండి తీసివేయు అధికారము తలిదండ్రులకు ఉన్నదా? ఉన్నయెడల దానితోకూడ వారి నెత్తిన పడు బాధ్యత యెట్టిది? ప్రయాణమునకు సిద్ధపడు కుటుంబము ఏ ఊర్లు చూడవలెనని లెక్క వేసికొనుటకు ముందుగా ఈ ప్రశ్నకు జవాబు చెప్పుకొనవలెను.

ప్రయాణముచేత చదువు చెడునని తొందరపడి చెప్పుట సరికాదు. ఇశ్రాయేలీయుల బిడ్డలు ఒక తరమంతయు త్రోవలోనే పుట్టి త్రోవలోనే పెరిగిరి. నలువది సంవత్సరములు వారికి గోడలుగల బడి లేదు. ఆ ప్రయాణము ముగియు సమయమున, యొర్దానుకు ఈవల మోషే తలిదండ్రులకు అప్పగించిన పని ద్వితీయోపదేశకాండము ఆరవ అధ్యాయములో కనబడుచున్నది. ఇంట కూర్చున్న వేళను, దారిని పోవు వేళను, పండుకొను వేళను, లేచు వేళను బిడ్డలకు నేర్పవలెనన్నదే దాని సారము. ఇక్కడ గమనింపదగిన సంగతి యొకటి గలదు. ఆ నాలుగు వేళలును దినమంతటిని ఆవరించుచున్నవి. తీరిక దొరికినప్పుడు నేర్పుమని ఆ ఆజ్ఞలో లేదు. త్రోవ బడి కాగలదు. గాని నేర్పువాడు ఆ దినమంతయు మేలుకొని యుండవలెను.

అట్లు మేలుకొనియున్న తలిదండ్రులు తోంగ్‌పాల్‌లో ఒక వారము ఆగిరని తలంచుడి. అక్కడ నేర్పదగినవి కొల్లలుగా నున్నవి. 1982లో జాతీయ వనముగా ప్రకటింపబడిన కాంగేర్ లోయ ఆ సమీపముననే యున్నది. దానిలోని కుటుమ్‌సర్ గుహ సున్నపురాతి గుహ. సున్నము కరిగిన నీరు బొట్టుబొట్టుగా పడి, తరతరములకు గడ్డకట్టి, కప్పునుండి వ్రేలాడు స్తంభములును నేలనుండి లేచు స్తంభములును ఏర్పడుటను బిడ్డ కన్నులార చూడగలడు. వానకాలములో గుహ మూయబడుటకు కారణమేమని అడిగినయెడల నీటి మట్టమును గూర్చిన పాఠము ఆరంభమగును. కాంగేర్ నది కొలాబ్ నదిలో కలియును. ఆ కొలాబే దిగువకు వచ్చి శబరి యను పేరు పొంది, కూనవరము వద్ద గోదావరిలో చేరును. ఆ లోయలో కురిసిన వాన తుదకు తమ తెలుగునేలను తడుపునని పటముమీద వ్రేలు పెట్టి కనుగొనిన బిడ్డ ఆ నదీ మార్గమును మరువడు.

భాషకూడ అక్కడ పాఠమగును. ఆ ప్రాంతపు ధుర్వాలు తమలో తాము మాటలాడు భాషకు పర్జీ యని పేరు. టి. బరో, ఎస్. భట్టాచార్య యను పండితులు 1953లో ఈ భాషనుగూర్చి ఒక గ్రంథమును ప్రకటించిరి. అది తెలుగువలె ద్రావిడ కుటుంబమునకు చెందినది. నీటిని పర్జీలో నీర్ అందురు. సంతలో ఆ మాట చెవినపడిన తెలుగు బిడ్డ ఆశ్చర్యపడును. తాను అన్యులని తలంచినవారు తన భాషకు చుట్టములని అప్పుడు తెలిసికొనును. అదే సంతలో హల్బీ మాటలును హిందీ మాటలును వినబడును. చింతపండు, ఇప్పపూవు, తునికాకు అడవినుండి ఎట్లు వచ్చునో, ఏ చేతిలో ఎంత ధరకు మారునో అడిగి వ్రాసికొనినయెడల గణితమును, భూగోళమును, న్యాయమును గూర్చిన తలంపును ఒకే పుటలో కలిసివచ్చును.

ఇంతవరకు ప్రయాణమునకు అనుకూలమైన పక్షము. దీనిని విని సంతోషించు తలిదండ్రులు రెండవ పక్షమునుకూడ వినవలెను.

మొదటిది, ఈ ప్రయాణమును కోరుకొనినవాడు బిడ్డ కాడు. సెలవు పెట్టినది తండ్రి. పటము గీసినది తల్లి. బడిని విడిచినది మాత్రము బిడ్డ. పెద్దవారు ఒక ఏడాది పోగొట్టుకొనినను మరియొక ఏడాదిలో కూడబెట్టుకొందురు. ఎనిమిదేండ్ల బిడ్డకు ఎక్కములు, చదువుట, వ్రాయుట స్థిరపడవలసిన ఏడాది మరల రాదు. రెండవది, బిడ్డకు తోటివారు కావలెను. కలహించి సమాధానపడుట, ఓడిపోయి ఓర్చుకొనుట, తన వంతు వచ్చువరకు కాచుకొనుట తలిదండ్రులు బోధించి నేర్పగలవి కావు. అవి తోటి పిల్లల నడుమ నేర్చుకొనవలసినవి. మూడవది, చూచినదంతయు నేర్చినదే యని భ్రమపడుట సులభము. ఇరువది జలపాతములు చూచిన బిడ్డ భిన్నముల కూడిక మరచిపోవచ్చును. జలపాతము ఫోటోలో నిలిచియుండును. భిన్నములు మరచిన సంగతి రెండేండ్ల తరువాతగాని బయటపడదు.

ఈ భ్రమనుగూర్చి లూకా సువార్త రెండవ అధ్యాయములోని ఒక సంగతి ఆలోచింపదగినది. పండ్రెండేండ్ల యేసు తలిదండ్రులతో యెరూషలేమునకు పోయెను. పండుగ ముగిసి తిరిగి వచ్చునప్పుడు, బాలుడు సమూహములో ఉన్నాడని తలంచి, యోసేపును మరియయు ఒక దినపు ప్రయాణము సాగించిరి. వారు అశ్రద్ధగల తలిదండ్రులు కారు. వారి పొరపాటు అంతయు ఆ తలంపులోనే యున్నది. వెంటనున్నాడులే యనుకొనుటకును, వెంటనున్నాడని చూచుకొనుటకును నడుమ ఒక దినపు దూరము ఏర్పడెను. చదువు విషయములోను ఇట్లే జరుగును. బిడ్డ కారులో ప్రక్కనే కూర్చుండియుండును. వాని చదువు మాత్రము ఏ ఊరిలోనో వెనుక నిలిచిపోయి యుండును. దానిని తెలిసికొనుటకు ప్రతి సాయంకాలము వెదకి చూడవలెను.

ఆ సంగతిలోనే మరియొక పాఠమున్నది. వెదకగా ఆ బాలుడు బోధకుల నడుమ కూర్చుండి, వారి మాటలు వినుచు, ప్రశ్నలు వేయుచు దొరికెను. ఎంత మంచి తలిదండ్రులుగల బిడ్డకైనను ఇతర బోధకులు కావలెను. తల్లికి తెలియనిది చెప్పువాడును, తండ్రి తప్పును దిద్దువాడును ఉన్నప్పుడే బిడ్డ జ్ఞానము ఇంటి గడపను దాటును. కాబట్టి ఇల్లే చాలునను మాటకూడ పూర్తిగా సత్యము కాదు.

దీనికి ఎదురుగానున్న పొరపాటును చరిత్రలో చూడవచ్చును. దక్షిణ భారతమున పనిచేసిన మిషనెరీలు ఎడతెగక సంచరించువారు. వారి బిడ్డల చదువుకొరకు 1901లో కొడైకానల్ కొండపైన ఒక వసతి పాఠశాల స్థాపింపబడెను. బిడ్డలకు క్రమమైన చదువు దొరకెను. గాని తలిదండ్రులు మైదానమునను బిడ్డలు కొండమీదను నెలల తరబడి వేరుగా నుండవలసివచ్చెను. కొందరు చదువునుబట్టి బిడ్డకు దూరమైరి. కొందరు బిడ్డను దగ్గర నుంచుకొని చదువు పోగొట్టిరి. రెండు త్రాసు తట్టలలోను విలువగలదే యున్నది. దేనికి వెల ఎంతయో తెలిసి యెంచుకొనుటయే వివేకము.

ఆ వెలను కొలుచుటకు ఒక కొలత గలదు. 2002లో జరిగిన 86వ రాజ్యాంగ సవరణచేత ఆరు మొదలు పదునాలుగేండ్లవరకుగల బిడ్డకు చదువు ప్రాథమిక హక్కు ఆయెను. దానిని అమలుపరచు విద్యాహక్కు చట్టము 2009లో చేయబడి, 2010 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలులోనికి వచ్చెను. ఐదవ తరగతివరకు ఏడాదికి 200 పనిదినములు, 800 బోధన గంటలు. ఆరునుండి ఎనిమిదివరకు 220 పనిదినములు, 1000 గంటలు ఉండవలెనని దాని షెడ్యూలు నిర్ణయించుచున్నది. ఇది సమాజము బిడ్డకు పడియున్న బాకీ. బడినుండి బిడ్డను తీసికొనిపోవు తలిదండ్రులు ఆ 800 గంటల బాకీని తమమీద వేసికొనుచున్నారు. ఒక ఉపాధ్యాయుడు ముప్పదిమందికి చెప్పు గంటకంటె తల్లి ఒక్క బిడ్డకు చెప్పు గంట బలమైనదే కావచ్చును. కాబట్టి గంటలు కొంత తగ్గవచ్చును. బాకీ మాత్రము తగ్గదు. బిడ్డ చదువగలిగి, వ్రాయగలిగి, లెక్క చేయగలిగి తిరిగివచ్చినప్పుడే అది తీరును.

ఆ చట్టములో ఇంటివద్ద చదువు చెప్పుటనుగూర్చి ప్రత్యేక ప్రకరణము లేదు. బిడ్డను సమీపపు బడిలో చేర్పించుట తలిదండ్రుల విధియని 10వ సెక్షను చెప్పుచున్నది. ఈ విధిని తలిదండ్రులు తేలికగా తీసికొనరాదు. అయితే తిరిగి వచ్చు బిడ్డకు చట్టము తలుపు మూయలేదు. 4వ సెక్షను చొప్పున బడిలో లేని బిడ్డను వయస్సుకు తగిన తరగతిలో చేర్చుకొని, వెనుకబడినదానికి ప్రత్యేక శిక్షణ ఇయ్యవలెను. బదిలీ పత్రము తెచ్చుటలో ఆలస్యమైనదని చేర్చుకొనకుండుటకు వీలులేదని 5వ సెక్షను, గడువు దాటి వచ్చినను త్రోసివేయరాదని 15వ సెక్షను చెప్పుచున్నవి. బడికి పోలేని పెద్ద పిల్లలకు 1989లో ఏర్పడిన జాతీయ సార్వత్రిక విద్యాలయమువంటి సంస్థలు గలవు. దాని పదవ తరగతి పరీక్షకు కూర్చుండుటకు పదునాలుగేండ్లు నిండవలెను.

కాబట్టి ప్రయాణపు ఏడాదికి ఏర్పాటు చేయుట యనగా ఏమి? బయలుదేరకమునుపే ప్రధానోపాధ్యాయుని దర్శించి, సంగతి దాచక చెప్పి, తిరిగి చేరునప్పుడు బిడ్డకు ఏమేమి వచ్చియుండవలెనో అడిగి వ్రాసికొనుట మొదటి పని. దినములో మొదటి రెండు మూడు గంటలు చదువునకే ఏర్పరచి, ప్రయాణము ఆ తరువాతనే ఆరంభించుట రెండవది. లెక్క, చదువుట, వ్రాయుట దినదినమును జరుగవలెను. తక్కినవాటిని త్రోవ నేర్పును. మాతృభాషలో ప్రతిదినము ఒక పుట వ్రాయించుట మూడవది. నెలకొకసారి బడిలోని తన ఉపాధ్యాయునికి బిడ్డచేత ఉత్తరము వ్రాయించుట నాలుగవది; దానివలన ఇతర బోధకుని కన్ను బిడ్డమీద నిలిచియుండును. ఆగిన ప్రతి ఊరిలోను తోటి బిడ్డలతో ఆడనిచ్చుట ఐదవది. చదువు సాగుట లేదని తేలినయెడల ఏడాది నడుమనైనను తిరిగి వత్తుమని ముందుగానే ఒప్పుకొనుట ఆరవది. ఈ ఆరవదానికి మనస్సు ఒప్పని తలిదండ్రులు ఆ ప్రయాణమును బిడ్డకొరకు కాక తమకొరకే చేయుచున్నారు.

తిమోతి చిన్ననాటి చదువునుగూర్చి పౌలు జ్ఞాపకము చేయునప్పుడు అవ్వయైన లోయి పేరును, తల్లియైన యునీకే పేరును చెప్పెను. ఆ ఇంటి బోధ రెండు తరములుగా వచ్చినది. ఇంటివద్ద నేర్పుటకు తెలివి మాత్రము చాలదు. విసుగులేని అలవాటు కావలెను. ఒక ఏడాదికి ఉపాధ్యాయులు కాదలచినవారు ముందుగా తమ ఇంటనే మూడు నెలలు సాయంకాలములు అభ్యాసము చేసి చూచుకొనుట మేలు. ఇంట కుదరనిది త్రోవలో కుదరదు.

ఇప్పుడు రెండవ కుటుంబమువైపు చూడవలెను. ఆ కుటుంబము పోవునది ఏడాది కాదు, రెండు మూడు నెలలే. అయినను ఆ నెలలు పాఠములు ముగిసి పరీక్షలు జరుగు నెలలు. ఆ తల్లికి నేర్పుటకు ఏమియు లేదని తలంచుట అహంకారము. ఏ దుంప తినదగినదో, ఏ ఆకు మందో, ఏ మేఘము వాన తెచ్చునో ఆమెకు తెలియును. దారిపొడవున ఆమె బిడ్డకు చెప్పుచునే యుండును. త్రోవను నడుచునప్పుడు నేర్పుమన్న ఆజ్ఞను కారులో పోవు తల్లికంటె ఆమెయే తరచుగా నెరవేర్చుచుండవచ్చును. గాని సూర్యోదయమునుండి మిరపచేనిలో వంగియున్న తల్లికి సాయంకాలము పలక పట్టించు శక్తి మిగులదు. కొన్నిచోట్ల కోసిన తూకమునుబట్టి కూలి ముట్టును. అట్టిచోట బిడ్డ చేతులుకూడ తట్టలోనికి లెక్కకు వచ్చును. 2016లో సవరింపబడిన బాలకార్మిక చట్టము పదునాలుగేండ్లలోపు బిడ్డను పనిలో పెట్టుకొనుటను నిషేధించినది. బడి వేళ ముగిసిన తరువాతను సెలవులలోను కుటుంబపు పనికి సాయపడుట వేరు. బడి వేళలో పరుల చేనిలో కాయ కోయుట వేరు.

భాషకూడ ఆ బిడ్డకు భారమగును. ఇంట పర్జీయో, గోండియో, దోర్లీయో మాటలాడి, బడిలో హిందీ అక్షరములు దిద్దిన బిడ్డ తెలుగు గ్రామపు బడి గుమ్మము ముందు మూగయై నిలుచును. 2005లో సల్వాజుడుం ఆరంభమైన తరువాత చెలరేగిన హింసకు దక్షిణ బస్తరు పల్లెలెన్నో పాడుపడెను. అనేక కుటుంబములు సరిహద్దు దాటి అప్పటి ఖమ్మము, వరంగల్లు జిల్లాల అడవులలో గుడిసెలు వేసికొనెను. ఊరి బడులు మూతబడినచోట, పోర్టా కాబిన్లని పిలువబడు వసతి పాఠశాలలలో బిడ్డలను చేర్చిరి. బడి భవనములనుండి భద్రతా దళములు తొలగిపోవలెనని సుప్రీంకోర్టు 2011లో ఆజ్ఞాపించెను. ఆ బిడ్డలు ఏడాది ప్రయాణమునకు ఏర్పాటు చేసికొని బయలుదేరినవారు కారు. వారి ప్రయాణమునకు తిరిగివచ్చు తేదీయే లేదు.

2020వ సంవత్సరపు సంగతి యొకటి మరువరానిది. బీజాపూర్ జిల్లాకు చెందిన పండ్రెండేండ్ల బాలిక మిరప కోతలకు తెలంగాణకు వచ్చెను. మార్చి 25న దేశమంతట లాక్‌డౌన్ విధింపబడెను, పని నిలిచెను, బండ్లు లేవు. తోటి కూలీలతో ఆమె కాలినడకను ఇంటికి బయలుదేరెను. మూడు దినములు నడిచి, ఇల్లు ఇంక కొద్ది దూరమున్నదనగా, ఏప్రిల్ 18న మరణించెను. పండ్రెండేండ్ల వయస్సులో యెరూషలేమునుండి తిరిగివచ్చుచు తప్పిపోయిన బాలుని వెదకుటకు తలిదండ్రులు దినప్రయాణము వెనుకకు నడిచిరి. ఈ బాలికకొరకు త్రోవలో వెనుకకు చూచినవారు లేకపోయిరి. ఆమె బడిలో ఉండవలసిన దినములలో చేనిలో ఉండెనను సంగతి, ఆమె మరణించిన తరువాతనే దేశమునకు తెలిసెను.

కాబట్టి ఆరంభమున అడిగిన భేదము త్రోవలో లేదు, తలిదండ్రుల ప్రేమలోను లేదు. అది మూడింటిలో నున్నది. మొదటి కుటుంబము ప్రయాణమును ఎంచుకొనెను. రెండవదానికి ఎంచుకొనుట లేదు. మొదటి కుటుంబమునకు దినములో నేర్పుటకు తీరిక గలదు, రెండవదానికి లేదు. మొదటి బిడ్డకొరకు బడి తలుపు తెరచియుండును, తలుపు తట్టుటకు చదువుకొనిన తండ్రి యుండును. రెండవ బిడ్డకు చట్టములో అదే తలుపు ఉన్నను తట్టువారు లేరు. ఎంపిక, తీరిక, తిరిగివచ్చు దారి — ఈ మూడును ఉన్నచోట బడిలేని కాలము చదువగును. లేనిచోట అది నష్టమగును.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చును. తమ బిడ్డలకు మేలుకోరి ప్రయాణమునకు పోవు కుటుంబముమీద పరుల బిడ్డల దుఃఖమును మోపుట న్యాయమా? లోకములో బీదలున్నారని కలిగినవారు తమ బిడ్డలకు మేలు చేయకుండవలెనా? అట్లు కాదు. ఒకడు తన బిడ్డకు పాలు పోయుట మరియొకని బిడ్డ పాలు దొంగిలుట కాదు. ఆ ప్రయాణములో దోషము లేదు. అయితే జ్ఞానము బాధ్యతను తెచ్చును. తన బిడ్డకు ఒక ఏడాది పోయినయెడల ఎంత నష్టమో గంటలతో లెక్కించి, పుస్తకములు సర్దుకొని, ఉపాధ్యాయుని అడిగి, జాగ్రత్తపడిన తల్లి ఉన్నది. అదే త్రోవలో మూటలమీద కూర్చున్న బిడ్డను చూచి, వీరికి ఇది అలవాటేయని ముఖము త్రిప్పుకొనుట ఆమెకు చెల్లదు. బిడ్డ కాలము విలువైనదని ఒక్కసారి ఒప్పుకొనినవారు, అది తమ బిడ్డ విషయములో మాత్రమే విలువైనదని చెప్పలేరు. తనవలె పొరుగువానిని ప్రేమించుట యనగా, ఈ విషయములో, తన బిడ్డకు వేసిన లెక్కనే పొరుగు బిడ్డకును వేయుట.

ఈ లెక్క ప్రయాణికులకు మాత్రమే కాదు. ఆ త్రోవ చివరనున్న తెలుగు గ్రామములకు మరింత చెందును. దుమ్ముగూడెము, చర్ల, వెంకటాపురము ప్రాంతములలో మిరప పండించు రైతులున్నారు, ఉపాధ్యాయులున్నారు, సంఘములున్నవి. కోతలకు వచ్చిన కుటుంబముల బిడ్డలెందరో మొదటి వారములోనే లెక్కించుట కష్టమైన పని కాదు. వారిని ఊరి బడికి తోడుకొనిపోయి, కాగితములు లేకపోయినను చట్టము చేర్చుకొనుమనుచున్నదని మర్యాదగా జ్ఞాపకము చేయవచ్చును. వలస బిడ్డలకొరకు కాలానుగుణ వసతి గృహములు నడుపుటకు ప్రభుత్వ పథకములలో ఏర్పాటున్నది. 2020నాటి జాతీయ విద్యా విధానముకూడ వలస కూలీల బిడ్డలను మరల చదువులోనికి తెచ్చుటనుగూర్చి చెప్పుచున్నది. అడుగువారు లేనిచోట ఈ ఏర్పాటులు కాగితముమీదనే నిలిచిపోవును. చేనిలోనికి పదునాలుగేండ్లలోపు బిడ్డను దింపనని రైతు ఒక్కమాట అనుకొనినయెడల, ఆ ఋతువునకు కొందరు బిడ్డల చేతులు విడుదల పొందును. సాయంకాలము గుడి వరండాలో దీపము వెలిగించి, హిందీ తెలిసిన యౌవనుడొకడు వారి పుస్తకమునే వారిచేత చదివించినయెడల, తమ ఊరి బడికి తిరిగి పోయినప్పుడు వారు వెనుకబడియుండరు.

ఏడాది ప్రయాణమునకు పోవు కుటుంబముకూడ తన బిడ్డలకు ఈ సంగతిని దాచకూడదు. తోంగ్‌పాల్‌వంటి ఊరిలో వారమురోజులుండి గుహను, జలపాతమును మాత్రమే చూపించి, సంతలో తమ యీడు పిల్లలు ఏ వేళ బడిలో ఉండవలసి ఏ పని చేయుచున్నారో చూపనియెడల, ఆ చదువు సగమే. బిడ్డ తప్పక అడుగును: ఆ పిల్ల బడికి ఏల పోలేదు? నేనును పోలేదు గదా, మా ఇద్దరికిని భేదమేమి? ద్వితీయోపదేశకాండములో బోధించుమన్న ఆజ్ఞ తరువాత కుమారుడు ప్రశ్న అడుగు దినమునుగూర్చి వ్రాయబడియున్నది. బిడ్డ ప్రశ్నకు సిద్ధముగా నుండుటకూడ తలిదండ్రుల విధియే. ఈ ప్రశ్నకు జవాబు ఏ పాఠ్యపుస్తకములోను లేదు. తండ్రి వినయముతో, జాలి నటింపక, సత్యము చెప్పవలెను: నీవు బడి మానుటకు మేమెంచుకొంటిమి, ఆ పిల్లకు ఎంచుకొనువారు లేరు, నీ హక్కును మేము మోయుచున్నాము, ఆ పిల్ల హక్కును మోయువారు కావలెను.

ఆ జవాబు విని పెరిగిన బిడ్డ జూన్ మాసమున తిరిగి బడిలో చేరును. ఉపాధ్యాయుడు వానిని చదివించి చూచును, లెక్క చేయించి చూచును. అప్పుడు ఇంటి చదువు నిలిచినదో లేదో తేలును. పుస్తకమువలన తేలనిది మరియొకటి గలదు. ఏడాది నడుమ కొత్తగా వచ్చి, భాష తెలియక, వెనుక వరుసలో ఒంటరిగా కూర్చున్న కూలివాని బిడ్డ ఆ తరగతిలో ఉండునేమో. తాను చూచిన ఊర్ల పేర్లు చెప్పుకొనుటకంటె ముందు ఆ బిడ్డ ప్రక్కకు జరిగి, తన పుస్తకమును ఇద్దరికిని నడుమ పెట్టగలిగినయెడల, తలిదండ్రులు త్రోవలో చెప్పిన పాఠము వృథా కాలేదు.